కేజీ

తోక మీద చివరి రెండక్షరాలు కె, జి.
అందుకే అది మాకు కేజీ.
భోలక్‌పూర్ నుంచి గౌస్ భాయ్ వచ్చి
రెక్క మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టి
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి
"కిలో ఎంతకిస్తరు మేడం?" అన్నప్పుడు
నవ్వొచ్చింది.
తర్వాత చాలాసేపు ఇంకేం రాలేదు.

జూన్‌లో, నాదర్‌గుల్ రన్‌వే మీద,
తన రెండో సోలోలో రుత్విక్
ఒక్క ల్యాండింగ్‌లో దాన్ని మూడుసార్లు దించాడు.
మూడోసారికి ముందు చక్రం మడతపడి
ప్రొపెల్లర్ తారును గీరుకుంటూ పోయింది.
నేను గట్టున రేడియో పట్టుకుని నిలబడ్డాను.
"మళ్ళీ లేపు" అనే రెండు మాటలూ
గొంతులో సిద్ధంగానే ఉన్నాయి.
బటన్ మీద బొటనవేలే ఆలస్యం.
ఆ గీతలు ఇంకా ఉన్నాయి.
నడిచినప్పుడల్లా చెప్పు కింద తగులుతాయి.

పోశెట్టి ఇంజను విప్పి, చేతులు తుడుచుకుని,
క్రాంక్‌షాఫ్ట్ మీద వెంట్రుకంత పగులు చూపించాడు.
"దీనికి పెట్టే పైసలతోని ఇంకో విమానం సగం వస్తది."
సగం విమానాన్ని ఏం చేసుకుంటాం పోశెట్టీ?
"ఇప్పుడున్నది సగమే కద మేడం."

కోయంబత్తూరు వాళ్ళు ఎడమ రెక్క అడిగారు.
ఇంకెవరో రేడియో, సీట్లు, తోక చుక్కాని.
కుడి తలుపు ఎవరూ అడగలేదు.
గాల్లో దాన్ని మోచేత్తో నొక్కి పట్టుకోవాలని
తెలిసినవాళ్ళం ఈ ఊళ్ళో నలుగురమే.
"అవయవదానం అనుకోండి" అన్నాడు బ్యాంకాయన,
ఏడో తారీఖు వాయిదా గుర్తుచేస్తూనే.
అవయవాలిచ్చేవాడు ఇన్‌వాయిస్ రాయడు కదండీ.

ఆదివారం ఆదివారం
సైదాబాద్ నుంచి స్కూటీ మీద రుత్విక్ వస్తాడు.
మాట్లాడడు. బకెట్టు నింపుకుంటాడు.
ఎగరని విమానం అద్దం మీద దుమ్మే తప్ప పురుగులుండవు.
అయినా పురుగుల మరకలు వదిలించే పట్టుతోనే
రుద్దుతాడు.

సోమవారం రాత్రి
అమ్మకం కాగితం తొడమీద పెట్టుకుని
కేజీలోనే కూర్చున్నాను, టార్చి వేసుకుని.
ఆల్టిమీటరు ఒక్కటే ఇంకా డ్యూటీలో ఉంది.
దానికి కరెంటు వద్దు, ఇంజను వద్దు,
గాలి బరువు తెలిస్తే చాలు.
హైదరాబాద్‌లో నేల మీదున్నా అది సున్నా చూపదు.
పద్దెనిమిది వందల అడుగులు.
అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడ్డవాడు కూడా
సముద్రం లెక్కలో అంతెత్తునే ఉంటాడు,
వాడికి తెలియదంతే.

ఆ రాత్రి ముల్లు
పద్దెనిమిది వందల ఎనభై దగ్గర ఉంది.
బంగాళాఖాతంలో అల్పపీడనం.
గాలి పలచబడింది.
ముక్కు విరిగి, ఇటుకల మీద నిలబడి,
సగం పొట్ట విప్పుకున్న కేజీ
ఏ టవర్‌నూ అడక్కుండా
ఎనభై అడుగులు లేచింది.

తెలుసు, అది లేవలేదు.
గాలి తగ్గితే ముల్లు తిరుగుతుంది,
ఈ పాఠం నేనే చెప్తాను పిల్లలకి,
బోర్డు మీద బొమ్మ గీసి.
కానీ గాల్లో ఉన్నదాన్ని ఎలా అమ్మను?
పెన్ను మూత పెట్టేశాను.

రెండు రోజులు వాన. రేకుల మీద చప్పుడుకి
ఫోన్లు వినపడలేదని అందరికీ చెప్పాను.
గురువారం పొద్దున
అల్పపీడనం బలహీనపడిందన్నారు.
ఎక్కి, గాజు మీద గోటితో కొట్టి చూశాను.
పద్దెనిమిది వందలు.
ఒక్కసారే దిగింది. ఎక్కడా గెంతలేదు.

రుత్విక్‌ను పిలిపించి చూపించాను.
చాలాసేపు చూశాడు ముల్లుకేసి.
పోశెట్టి పానాల పెట్టె తెచ్చి కింద పెట్టాడు.

ముందు ఎడమ రెక్క, అన్నాను.
కుడి తలుపు ఆఖర్న.